ఊరు తెరకెక్కింది, ఆడపిల్ల ఎక్కలేదు



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాసేపు టీవీ ముందు కూర్చుంటే మనకు కనబడేది తెర మీది బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మలోని మనిషి, ఆ బొమ్మను తీసిన మనిషి ఏ దారిన నడిచి అక్కడిదాకా వచ్చారో మనం అడగం. కానీ ఇంట్లో పిల్ల "అమ్మా, నేను సినిమాల్లో పని చేస్తా" అన్నదనుకోండి, గుండె గుభేలుమంటుంది. అంచేత ఈవేళ ఆ దారుల చరిత్ర కాస్త చెప్పుకుందాం. అదీ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వైపు నుంచి చూస్తూ చెప్పుకుందాం.

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో విడుదలైంది. అందులో లీలావతి వేషం కట్టినావిడ సురభి కమలాబాయి గారు. సురభివారిది నాటకాల కుటుంబం. వాళ్ళకి ఇల్లే స్టేజి, స్టేజే ఇల్లు. ఊరంతా మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే రంగం మీదికి తీసుకొచ్చారు. అంటే మొదటి దారి పుట్టుకతో వచ్చినది. కళ ఇంట్లో ఉండాలి, ఇంట్లోవాళ్ళ అండ ఉండాలి.

తర్వాత రెండో దారి పడింది. ముందు నటిగా పేరు తెచ్చుకుని, ఆ పేరు బలంతో దర్శకత్వం చేపట్టడం. భానుమతి గారు 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు. ఒక్క తెలుగులోనే కాదు, తమిళంలోనూ హిందీలోనూ తీశారు. సావిత్రి గారు 1968లో 'చిన్నారి పాపలు' తీశారు, దానికి సంగీతం కూర్చింది కూడా ఆడమనిషే, పి. లీల గారు. విజయనిర్మల గారు 1973లో యద్దనపూడి సులోచనారాణి గారి నవల 'మీనా'ను సినిమాగా తీసి, ఆ మీదట నలభైకి పైగా సినిమాలకు దర్శకురాలై 2002లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకోవలసిన మాటలే. అయితే చూడండి, మహా నటి అయితే తప్ప ఆడదానికి మెగాఫోను చేతికి రాని రోజులవి. మామూలు ఆడపిల్లకు ఆ దారి లేదు.

మరి మన జిల్లాల సంగతేమిటి? 1948 దాకా మనం నిజాం ఏలుబడిలో ఉన్నాం. బడుల్లో పై చదువు ఉర్దూలో సాగేది. తెలుగు పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, బడి దొరకడమే గగనం. తెలుగు సినిమా అంతా మద్రాసులో. కోస్తా నుంచి మద్రాసుకు రైలెక్కి పోయినవాళ్ళున్నారు గాని, దేవరకొండ నుంచీ అచ్చంపేట నుంచీ ఆ రైలెక్కే ఆడపిల్లను ఊహించగలమా? పైగా ఆ సినిమాల్లో మన యాసకు చోటే లేదు. ఎప్పుడన్నా వినిపించినా రౌడీ నోటో, నవ్వులాట మనిషి నోటో వినిపించేది.

అలాంటిది, 1970ల్లో ఒక వింత జరిగింది. మన ఊళ్ళే సినిమాలయ్యాయి. హైదరాబాదులో పుట్టిపెరిగిన శ్యామ్ బెనెగల్ గారు 1974లో 'అంకుర్', 1975లో 'నిశాంత్' తీశారు. రెండూ హిందీ సినిమాలే గాని, రెండూ తెలంగాణ దొరతనం మీద అల్లిన కథలు. నల్లగొండ మట్టిలో రగిలిన సాయుధ పోరాటం గురించి 1979లో 'మా భూమి' తయారైంది. పోచంపల్లి మగ్గాల బతుకు మీద 1987లో 'సుస్మన్' వచ్చింది. 1988లో బి. నర్సింగరావు గారి 'దాసి'. గడీలో దొరసాని వెంట కట్నంగా వచ్చి, దొరకు ఊడిగం చేస్తూ బతుకు తెల్లారిన ఆడదాని కథ అది. ఆ సంవత్సరం జాతీయ అవార్డుల్లో ఆ ఒక్క సినిమాకే అయిదు వచ్చాయి.

ఇప్పుడొక ప్రశ్న. ఈ కథల్లోని ఆడవాళ్ళుగా వేసింది ఎవరు? 'అంకుర్'లో లక్ష్మి, 'సుస్మన్'లో గౌరమ్మ రెండూ షబానా ఆజ్మీ గారే. ఆవిడ హైదరాబాదులోనే పుట్టినా పెరిగింది బొంబాయిలో, నటన నేర్చుకుంది పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో. 'నిశాంత్'లో దొరసానిగా వేసిన స్మితా పాటిల్ గారు అంతకు ముందు బొంబాయి దూరదర్శన్‌లో మరాఠీ వార్తలు చదివేవారు. 'దాసి'గా వేసిన అర్చన గారు అంతకు ముందటేడే 'వీడు' అనే తమిళ సినిమాకు జాతీయ ఉత్తమ నటి అయ్యారు, 'దాసి'తో మళ్ళీ అయ్యారు. మన యాసకు తెర మీద గొంతుగా నిలిచి, పేరులోనే తెలంగాణను పెట్టుకున్న తెలంగాణ శకుంతల గారు 'మా భూమి'తోనే వెలుగులోకి వచ్చారు. ఆవిడ పుట్టింది మహారాష్ట్రలో. 2014లో పోయారు గాని, ఆవిడ గొంతు ఇప్పటికీ మన చెవుల్లో ఉంది.

ఊరు మనది, కష్టం మనది, వేషం మటుకు వేరొకరిది. వాళ్ళు బాగా చెయ్యలేదని కాదు, కళ్ళనీళ్ళు తిరిగేట్టు చేశారు. కాని వాళ్ళకి నేర్చుకునే చోటు ఒకటి దొరికింది, పూనా బడో, టీవీ స్టూడియోనో. మన పిల్లలకు అది దొరకలేదు. లేనిది తెలివి కాదండీ, చోటు. 'దాసి'లో అర్చన గారు కట్టిన ఆ నలిగిన బట్టలను సిద్ధం చేసింది మిర్యాలగూడ చిత్రకారుడు సుదర్శన్ గారు. దానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చి, 'దాసి సుదర్శన్' అన్నదే ఆయన పేరైపోయింది. దాసీల కట్టూబొట్టూ ఆయనకెంత తెలుసో, వాటిని ఉతికి ఆరేసిన ఆడవాళ్ళకూ అంతే తెలుసు. వాళ్ళని పిలిచి పని నేర్పినవాళ్ళు లేరు.

చోటు దొరికితే ఏమవుతుందో చెప్పడానికి మహబూబ్‌నగర్ వైపే ఒక నిదర్శనం ఉంది. వనపర్తి సంస్థానం మీకు తెలుసుగా. ఆ సంస్థానాధీశులు జె. రామేశ్వరరావు గారు విదేశాంగ శాఖలో పనిచేసి, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వారి భార్య శాంతా రామేశ్వరరావు గారు పిల్లలకు కథల పుస్తకాలు రాశారు, 1961లో హైదరాబాదులో విద్యారణ్య స్కూలు పెట్టారు. వారి మనవరాళ్ళిద్దరు సినిమాల్లోకి వచ్చారు. అదితిరావు హైదరీ గారు లీలా శాంసన్ గారి దగ్గర భరతనాట్యం నేర్చుకుని, దక్షిణాది సినిమాలతో మొదలుపెట్టారు. 2018లో 'సమ్మోహనం'లో తన తెలుగు తనే చెప్పుకున్నారు. 2024లో పెళ్ళి కూడా వనపర్తి దగ్గర శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుళ్ళోనే చేసుకున్నారు. ఇంకో మనవరాలు కిరణ్‌రావు గారు ఢిల్లీ జామియా విశ్వవిద్యాలయంలో చదివి, 2001లో వచ్చిన 'లగాన్'కు సహాయ దర్శకురాలిగా పనిచేశారు. సహాయ దర్శకురాలంటే సోకు కాదండీ. తెల్లవారుజామున లేచి ఎవరెక్కడున్నారో, ఏ బట్టలు తేవాలో, ఏ సీను తర్వాత ఏదో చూసుకునే చాకిరీ. ఆ చాకిరీ చేసిన పదేళ్ళకు, 2011లో, ఆవిడ దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'ధోబీఘాట్' విడుదలైంది. 2024లో 'లాపతా లేడీస్' వచ్చింది. కొత్త పెళ్ళికూతుళ్ళిద్దరు ముసుగుల్లో తారుమారైన ఆ కథను మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపారు.

"రాజుగారి మనవరాళ్ళు, వాళ్ళకేం తల్లీ" అంటారు మీరు. నిజమే. సంస్థానం లేని ఆడదాని మాటేమిటి? అందుకు జవాబు కోసం మహబూబ్‌నగర్ దాటి కాస్త ఉత్తరంగా, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ దాకా వెళ్దాం. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ, దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ గారి చొరవతో, అక్షరం రాని దళిత రైతు స్త్రీలకు వీడియో కెమెరా నేర్పింది. 2001లో వాళ్ళకంటూ కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్ పత్తి రైతుల గోడు మీద వాళ్ళు తీసిన సినిమా 2003లో వచ్చింది. 2008లో వాళ్ళదే సంగం రేడియో మొదలైంది.

వాళ్ళు కెమెరా భాషను తమ బతుకులోంచే అల్లుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే 'పటేల్ షాటు' అన్నారు. అరుగు మీది పటేలు కింద నిలబడ్డవాళ్ళని అట్లాగే చూస్తాడు గనక. కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే 'సంగం షాటు' అన్నారు, సంగంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనక. గడీ కథలు ఎందరో తీశారు. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తరం ఆడవాళ్ళే కెమెరా పట్టుకుంటే, దాన్ని ఎక్కడ పెట్టాలో వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

సోదరీమణులారా, మీ అమ్మాయి ఈ రంగంలోకి పోతానంటే వెంటనే వద్దనకండి, వెంటనే సరేననకండి. ముఖం బాగుందా లేదా అని అద్దం ముందు నిలబెట్టకండి. తెర మీద కనబడేది నలుగురైతే, తెర వెనక పని నలభై రకాలు. కూర్పు, శబ్దం, దుస్తులు, రచన, కెమెరా. అమ్మాయిని మూడు మాటలు అడగండి. ఎక్కడ నేర్చుకుంటావు? ఎవరి దగ్గర, ఏ కాగితం మీద, ఎంత జీతానికి పని చేస్తావు? కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటావు? మూడోది చిన్న ప్రశ్న కాదు. పదిమంది పనిచేసే ఏ చోటైనా స్త్రీల ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలని 2013లో చట్టం వచ్చింది. అయినా, మలయాళ సినిమా రంగంలో స్త్రీలు పడుతున్న బాధల మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024లో బయటపడ్డాక దేశమంతా ఉలిక్కిపడింది. చట్టం ఉందని తెలిసిన పిల్లకు కొంతైనా ధైర్యం ఉంటుంది. "ఏం జరిగినా నాకు చెప్పు, తప్పు నీదనను" అన్న తల్లి ఉన్న పిల్లకు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది.

కమలాబాయి గారికి నాటకాల ఇల్లు ఉంది. కిరణ్‌రావు గారికి చదువుకున్న ఇల్లు ఉంది. పస్తాపూర్ ఆడవాళ్ళకు సంగం ఉంది. మన పిల్లలకు ఏముందీ అంటే, మనమున్నాం. నల్లగొండ ఆడదాని కథ ఇంకోసారి తెరకెక్కే నాటికి, దాన్ని తీసేవాళ్ళలో నల్లగొండ అమ్మాయి ఒకతె ఉండాలంటే, ఈవేళ ఏదో ఒక వంటింట్లో ఒక తల్లి ఆ అమ్మాయి మాట పూర్తిగా వినాలి.