సానరాతి చరిత్రము

వడ్రంగి పనిముట్టునకు విలువ దాని వాదరనుబట్టి కలుగును. ఉలి ఎంత మంచి ఉక్కుతో చేసినదైనను, పదును తప్పినచో కొయ్యను కోయదు, చీల్చును. వాదరను నిలుపు సానరాయి లోహపు పనిముట్లకంటె ప్రాచీనమైనది. బళ్లారి సమీపమున సంగనకల్లు కొండలలో నవీన శిలాయుగమువారు రాతి గొడ్డళ్లను నూరి నునుపుచేసిన చాళ్లు బండలపై కానవచ్చుచున్నవి.

తెలుగున 'సాన' యనునది సంస్కృత శాణ శబ్దమునుండి వచ్చినది. అమరకోశము శాణ, నికష, కషములను పర్యాయములుగా చెప్పినది. కత్తిని నూరు రాయియు, బంగారమును గీచి చూచు ఒరగల్లును నిఘంటువున ఒకే ఇంట నున్నవి గాని, పనిలో వాని గుణములు వేరు. ఒరగల్లు బంగారపు చారను తనపై నిలుపుకొనవలెను. సానరాయి ఉక్కును అరగదీసి ఆ పొడిని విడువవలెను. పొడి తొలగుటకే నీరో నూనెయో వాడుదురు. ఈ భేదమును పాతదే. క్రీ.శ. 79లో మరణించిన రోమను గ్రంథకర్త ప్లినీ, క్రీటు దీవి రాళ్లకు నూనెయు, నాక్సాసు దీవి రాళ్లకు నీరును వాడుదురని వ్రాసెను.

రాతి రేణువు ఉక్కుకంటె కఠినమైనప్పుడే ఉక్కు అరుగును. జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో ఇసుకరాతి రేణువులకు 7, కురువిందమునకు 9, వజ్రమునకు 10వ స్థానములు. మన దేశమున సానపట్టువారు కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రములు చేసికొనెడివారు. 1798లో చార్లెస్ గ్రెవిల్ ఈ రాతినిగూర్చి లండను రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను. ఇంగ్లీషువారి 'కోరండమ్' పదము దక్షిణదేశపు కురువింద శబ్దమునుండి పుట్టినదే.

1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్తు కొలిమిలో ఒక కఠిన పదార్థమును చేసి, కర్బన కురువిందముల కూడికయని తలచి 'కార్బోరండమ్' అని పేరిడెను. నిజమునకు అందు కురువిందము లేదు. అది సిలికన్ కర్బనముల సమ్మేళనము. 1954లో మద్రాసున కార్బోరండమ్ యూనివర్సల్ సంస్థ వెలసినప్పుడు ఆ పేరు పుట్టినింటికి తిరిగి వచ్చినట్లైనది.

కొందరు సీమరాయియని మోజుపడుదురు. కొందరు వాగురాయియే చాలునందురు. రాతి పుట్టుక ప్రమాణము గాదు. రేణువులు సమముగా నుండవలెను. ఒక్క ముతక రేణువున్నను వాదరపై గీత పడును. మొద్దువారిన రేణువు రాలి క్రొత్తది పైకి రావలెను. అట్లు రాలని రాయి నునుపెక్కి జారును. గండ్లు ముతకరాతిపై తీసి, వాదరను సన్నరాతిపై కుదుర్చవలెను. పిదప ఉలి వెనుకతట్టును రాతికి చదునుగా ఆనించి, అంచున లేచిన పొరను తీయవలెను. నూనె త్రాగిన రాతికి మరల నీరు పనికిరాదు. నడుమ గుంటపడిన రాతిపై నూరిన ఉలి వాదర వంకరపోవును. గావున రాతిని ఎప్పటికప్పుడు చదును చేయవలెను. తగని రాతిపై నూరినకొలది ఉక్కు వ్యర్థముగా తరుగును. ఆ ఉక్కే వడ్రంగి జీవనాధారము.

క్షీణించియు శోభించువానిలో సానబట్టిన మణిని ఒకటిగా భర్తృహరి నీతిశతకమున చెప్పియున్నాడు. ఆ మాట సానరాతికిని చెల్లును. తాను అరగని రాయి పరులకు పదును పెట్టజాలదు.