ఉక్కుసీమ గాయకుడు

చెవులు చిల్లులు పడునట్టి వాద్యఘోష సంగీతమగునా యని మన పాఠకులలో పెక్కండ్రు శంకింతురు. ఆ శంక మాకును గలిగినదే. అయినను ‘హెవీ మెటల్’ అనబడు నా గానమునకు ప్రధాన కంఠములలో నొకటియైన రాబ్ హాల్ఫర్డు చరిత్రమును పరిశీలింపగా, అందు రాగతాళములకు మించిన విషయ మొకటి గలదని మాకు తోచినది.

హాల్ఫర్డు 1951వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీని ఇంగ్లండునందలి సటన్ కోల్డ్‌ఫీల్డున జన్మించి, సమీపమందలి వాల్సల్ పట్టణమున కార్మికుల నడుమ పెరిగెను. అది ఇనుప కొలుముల సీమ. యౌవనమున నాటకశాలలో పనిచేసి, 1973లో జూడాస్ ప్రీస్ట్ అను బృందమున చేరెను. 1974లో వారి మొదటి గీతసంపుటము వెలువడెను. 1980లో వెలువడిన సంపుటమునకు ‘బ్రిటిష్ స్టీల్’ అని పేరిడిరి. పుట్టిన సీమను వారు మరువలేదు. మంద్రము నుండి తీక్ష్ణమైన తారము వఱకు అవలీలగా సాగు కంఠ మాతనిది.

కీర్తితోపాటు మద్యమును ఆతనిని ఆశ్రయించెను. 1986లో చికిత్స పొంది దానిని విడిచెను, మరల ముట్టలేదు.

1985లో అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఇద్దరు యువకులు ఆత్మహత్యకు పూనుకొనిరి. ఒకడు వెంటనే మరణించెను. రెండవవాడు తీవ్రముగా గాయపడి 1988లో గతించెను. ఈ బృందము పాడిన పాటలో మరణప్రేరకమైన రహస్యవాక్యము దాగియున్నదని బంధువులు వ్యాజ్యము వేసిరి. 1990లో రెనో నగర న్యాయస్థానమున హాల్ఫర్డు వాద్యములు లేకయే పాడి వినిపించెను. ఆ ధ్వని యాదృచ్ఛికమనియు, మరణములకు అది కారణమని ఋజువు కాలేదనియు న్యాయాధిపతి తీర్పు చెప్పెను. పుత్రశోకమున కారణమును వెదకుట మానవసహజము; ఆ తల్లిదండ్రులను మేము నిందింపము. కాని పాటను దోషిగా నిలిపినంత మాత్రమున బిడ్డల మనోవ్యథ మనకు తెలియదు గదా!

1992లో హాల్ఫర్డు బృందమును వీడెను. 1998లో, తాను పురుషులనే ప్రేమించు స్వభావము గలవాడనని దూరదర్శన సంభాషణమున ప్రకటించెను. బృందమునకు కీడు కలుగునను భయముచే అన్నియేండ్లు ఆ మాటను దాచెను. అట్టివారిని శిక్షించు శాసనము ఇంగ్లండున 1967లోనే కొంత సడలెను. సంఘభయము మాత్రము సడలలేదు. ఆతని రసికులు ఆతనిని త్రోసిపుచ్చలేదు. 2003లో బృందమును మరల చేరెను. 2010లో ఆ బృందమునకు గ్రామీ బహుమానము, 2022లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున స్థానము లభించెను.

మన దేశముననూ సర్వోన్నత న్యాయస్థానము 2018లో అట్టి శాసనబంధమును తొలగించినది. శాసనము వీధి తలుపును తెఱవగలదు. ఇంటి తలుపును తెఱవవలసినవారము మనమే. మన యింట బిడ్డ తన మాటను భయములేక చెప్పుకొనగలడా? ఈ ప్రశ్నను ప్రతి గృహస్థుడును తనకు తాను వేసికొనవలయునని మా ప్రార్థన.