రాయలవారి పిల్లి చేసిన తప్పేంటి?

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలీని తెలుగువాడు ఉండడేమో. ఊళ్ళో ఎలుకలు పెరిగిపోయాయని రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాల కోసం ఓ ఆవునీ ఇప్పిస్తారు. మనవాడు మొదటిరోజే సలసలా కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు, పరుగో పరుగు. పాలన్నీ ఆయనకే! చిన్నప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే, అసలు ఆ పిల్లిని అర్థం చేసుకున్నదెవరు అని అనుమానమొస్తోంది.

ఇది కథే, చరిత్ర కాదు. కానీ వెనకున్న సమస్య నిజం. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకి మార్చాడు. కోట అంటే ధాన్యం. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. ఈ లెక్క రాయలవారికన్నా చాలా పాతది. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి సమాధి ఒకటి బయటపడిందని 2004లో ప్రకటించారు. దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. ఎద్దుని మనం పట్టి తెచ్చి కాడి కట్టాం. పిల్లిని మాత్రం ఎవరూ పిలవలేదు, గాదెల దగ్గర ఎలుకల కోసం అదే వచ్చిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అంటే అది మన ఉద్యోగి కాదు, తన పని తను చూసుకునే కాంట్రాక్టర్ అన్నమాట :)

ఇహ మనవాళ్ళ ఇంకో నమ్మకం, కడుపు మాడిస్తేనే పిల్లి ఎలుకల్ని పడుతుందని. 1976లో ఆడమెక్ అనే పరిశోధకుడు తిండి తింటున్న పిల్లుల ముందు ఎలుకని వదిలి చూశాడు. అవి ఇష్టమైన తిండి ఆపి, వెళ్ళి ఎలుకని చంపి, మళ్ళీ వచ్చి తిండి దగ్గర కూర్చున్నాయి. ఆకలి వేటని పెంచుతుందేమో గానీ, వేటకి ఆకలే అక్కర్లేదు.

పోనీ పిల్లి ఉంటే ఎలుకల పీడ పోతుందా? అదీ లేదు. న్యూయార్క్‌లో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే, పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే రెండు (2018లో అచ్చయింది). చుంచెలుకలంటే సరే గానీ, పందికొక్కు లాంటిదానితో తలపడి దెబ్బలు తినడం దానికి నష్టం బేరం.

ఇక పాలు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. తీపి రుచి తెలిపే జన్యువు వాటిలో పనిచెయ్యదని 2005లో తేలింది. అంచేత రాయలవారి పిల్లి పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదు! ఒక్కసారి కాలితే జన్మంతా గుర్తుంచుకుంది, అంతే. ఆ సంగతి రామకృష్ణుడికి తెలుసు, కానీ దాన్ని పిల్లి మీదే వాడుకున్నాడు.

2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం, ధర్మవరం పట్టు మీద బతికే ఊళ్ళు. చంద్రికల్లో పట్టుగూళ్ళకి ఎలుక తగిలినా, మగ్గం మీద పడుగు కొరికినా ఒక ఇంటి నెలల కష్టం పోతుంది. ఇదే భయంతో జపాన్ పట్టు రైతులు పిల్లుల్ని పెంచుకున్నారు, దొరకనివాళ్ళు పిల్లి బొమ్మ తగిలించుకున్నారు. మనమేమో పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరుగుతాం. ఎలుకలు పట్టడంలేదనో, ఉట్టి మీద పాలు తాగిందనో గోనెసంచిలో కట్టి ఊరిబయట వదిలేస్తాం.

అది ఏ ఒప్పందాన్నీ తప్పలేదు, మనతో ఎప్పుడూ ఒప్పందం చేసుకోలేదు కాబట్టి. గాదెకి మూత, గూళ్ళకి జాలీ వేసుకోవడం మన పని. మిగిలిన చుంచెలుకల సంగతి అది చూసుకుంటుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఏమంటారు?