దాచిన తాగుడు: గంజాం జిల్లాలో మద్యవ్యసన చికిత్స, ఆరోగ్య బీమా, కేస్‌షీటు

ఏ కంపెనీ ఆరోగ్య బీమా పాలసీ తిరగేసినా మినహాయింపుల జాబితా దాదాపు ఒకే మాటలతో, ఒకే కోడ్‌లతో కనిపిస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరు 27న ఆ వాక్యాలకు ప్రామాణిక రూపం ఇచ్చింది. అందులో 12వ కోడ్ తాగుడుకు, మాదకద్రవ్యాల వాడకానికి, ఇంకే వ్యసనానికైనా చేసే చికిత్సనూ, 'వాటి పర్యవసానాలనూ' బీమా పరిధిలోంచి తీసేస్తుంది. అదే మార్గదర్శకాలు మానసిక రుగ్మతల చికిత్సను మాత్రం మినహాయించకూడదన్నాయి. మరి తాగుడు మానసిక రుగ్మత కాదా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లోని నిర్వచనం దీనికి జవాబు చెప్పేసింది: మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక రుగ్మతలే. శరీరానికి వచ్చే జబ్బుకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మనసుకు వచ్చే జబ్బుకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని ఆ చట్టం 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఆదేశిస్తుంది. చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు వేరొక మనోవ్యాధి కేసులో ఈ ఉపసెక్షన్‌ను ఆ తేదీ నుంచే పాటించాలంది. 2022 అక్టోబరులో ఐఆర్‌డీఏఐ మరోసారి కంపెనీలను హెచ్చరించింది. అయినా 12వ కోడ్ నేటికీ చాలా పాలసీల్లో అలాగే ఉంది.

ఈ వైరుధ్యాన్ని సాధారణంగా క్లెయిము వివాదంగానే చూస్తారు. ఈ వ్యాసం వాదన వేరు. 12వ కోడ్ చేసే అసలు కీడు క్లెయిము కాగితం దాకా రాకముందే, రోగిని చేర్చుకునే గదిలోనే జరిగిపోతుంది. రోజూ తాగే మనిషి తాగుతాడన్న సంగతి డాక్టరుకు చెప్పవద్దని అది కుటుంబానికి నేర్పుతోంది.

ఒడిశాలోని గంజాం జిల్లానే తీసుకుందాం. ఖల్లికోట, రంభ, కొడాల వైపు నుంచి పెద్ద వైద్యం కావాలంటే జనం బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రికి వస్తారు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతో 1962లో వెలసిన సంస్థ అది. కాస్త డబ్బున్నవాళ్లు భువనేశ్వర్‌కో, బంధువులున్న విశాఖపట్నానికో వెళ్తారు. బరంపురం తెలుగు కుటుంబాలకు విశాఖ దారి కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయే వరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే కదా. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నడిచిన నేల ఇది. సారా అమ్మకం మీద సర్కారు వసూలు ఎన్ని తరాల నాటిదో, తాగుడు మాన్పించే ఖర్చు ఇంటివాళ్ల నెత్తిన పడటమూ అన్ని తరాల నాటిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలోనూ ఆడవాళ్ల పోరు దుకాణం మూయించడం మీదే సాగింది. అప్పటికే అలవాటు పడ్డవాడి చికిత్సకు ఎవరు డబ్బు కడతారన్నది ఎజెండాలోకి ఎక్కలేదు.

తాగుడు ఆపగానే శరీరంలో ఏం జరుగుతుందో తెలిస్తే దాపరికం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి కాలు విరిగో, జ్వరంతోనో మంచాన పడ్డాడనుకుందాం. ఆస్పత్రిలో మద్యం దొరకదు. ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: లేని పురుగులు కనబడతాయి, ఉన్నచోటు తెలియదు, సెలైన్ సూది పీకేసుకుంటారు. సకాలంలో గుర్తించకపోతే ప్రాణం పోవచ్చు. ముందే తెలిస్తే చేయాల్సింది కష్టమూ కాదు, ఖరీదూ కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్ మోతాదు లెక్కగట్టి ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు; కాలేయం దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ ఎంచుకుంటారు. థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు, అదీ గ్లూకోజ్ ఎక్కించడానికి ముందే. ఆ వరస తప్పితే వెర్నికే ఎన్‌సెఫలోపతి అనే మెదడు జబ్బు వచ్చి జ్ఞాపకశక్తి శాశ్వతంగా చెడిపోయే ముప్పుంది. ఈ జాగ్రత్తలన్నిటికీ ఆధారం ఒక్కటే ప్రశ్న: "రోజూ తాగుతారా, ఆఖరుసారి ఎప్పుడు తాగారు?"

"లేదండీ డాక్టరుగారూ, పెళ్లిళ్లకీ పండగలకీ కొంచెం, అంతే" అనే జవాబు వెనక సిగ్గు ఉంటుంది, నిజమే. బీమా ఉన్న ఇంట్లో ఆ సిగ్గుకు లెక్క కూడా తోడవుతుంది. నగదు రహిత చికిత్సకు పంపే దరఖాస్తులో మద్యం అలవాటు గురించి అడుగుతారు, కేస్‌షీటు నకలు బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థకు చేరుతుంది. డిశ్చార్జి కాగితం మీద పడే అంతర్జాతీయ వ్యాధి సంకేతం కూడా ముఖ్యమే. కాలేయం గట్టిపడిన జబ్బుకు కే 70.3 రాస్తే అది మద్యం వల్ల వచ్చిన సిరోసిస్. కే 74.6 రాస్తే కారణం చెప్పని సిరోసిస్. మంచమూ మందులూ అవే, బిల్లు కట్టేవాళ్లే మారతారు. క్లోమగ్రంథి వాపుకూ ఇలాంటి జంట సంకేతాలున్నాయి. 'పర్యవసానాలు' అన్న ఒక్క మాట పొట్ట నొప్పితో వచ్చిన ప్రతి తాగుబోతునూ సాక్ష్యం దాచుకునే ముద్దాయిని చేసింది. రోగి మీద దయ తలచి మెత్తని సంకేతం ఎంచుకునే డాక్టరుంటే, జిల్లాలో మద్యం వల్ల వచ్చే రోగాల లెక్క ఆ మేరకు తప్పిపోతుంది.

భయానికి ఆధారం లేకపోలేదు. సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఎల్‌ఐసీ వారి జీవన్ ఆరోగ్య పాలసీ కేసులో తాగుడు అలవాటును ప్రతిపాదన పత్రంలో దాచినందుకు క్లెయిము తిరస్కరించడం సరైనదేనని తీర్పిచ్చింది. కొనేటప్పుడు అబద్ధం చెప్పకూడదన్న సూత్రంతో తగువు లేదు. కానీ ఆ తీర్పు వార్త చదివిన సామాన్యుడికి మిగిలేది, ఆస్పత్రి కాగితాల్లో తాగుడు ప్రస్తావన పడనివ్వకూడదన్న పాఠమే.

అమెరికా ఈ దారిలో ముందే నడిచి చూసింది. మత్తులో ఉండగా తగిలిన గాయాలకు బీమా కంపెనీలు డబ్బు నిరాకరించవచ్చని అక్కడి బీమా కమిషనర్ల జాతీయ సంఘం 1947లో నమూనా చట్టం తయారుచేస్తే చాలా రాష్ట్రాలు దాన్ని తెచ్చుకున్నాయి. ఫలితంగా తాగుబోతులు తగ్గలేదు. ప్రమాద విభాగాల్లో డాక్టర్లు రక్తంలో మద్యం పరీక్ష చేయడమే మానుకోసాగారు. పరీక్ష లేకపోతే సలహా లేదు, చికిత్సకు పంపడమూ లేదు. 2001లో అదే సంఘం ఆ నిబంధన వద్దంది. తర్వాత 2008లో వచ్చిన సమానత్వ చట్టం మానసిక వ్యాధులతోపాటు వ్యసనాల చికిత్సనూ శరీర రోగాల సరసన నిలిపింది. అక్కడ మన పిల్లలు ఉద్యోగంతోపాటు పొందే బీమాలో డీఅడిక్షన్ ఉండటానికి ఈ చరిత్ర కూడా ఒక కారణం.

ఖల్లికోటలో ఎక్కువమందికి ప్రైవేటు పాలసీతో పనిలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఇక్కడ చలామణీలో ఉన్నది ప్రభుత్వ కార్డు. 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన మొదలైంది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరి గోపబంధు జన ఆరోగ్య యోజనను దానికి జతచేసింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. జాతీయ ప్యాకేజీల జాబితాలో మత్తు పదార్థాల వల్ల కలిగే మానసిక, ప్రవర్తనా రుగ్మతలు ఉన్నాయి. పునరావాస కార్యక్రమాలు మాత్రం పథకం వర్తించనివాటిలో ఉన్నాయి. మంచం మీద ఉన్నన్నాళ్లు రోగి, దిగాక పరాయివాడు. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే గంజాం కూలీలకు ఈ మార్పు మరోరకంగా ముఖ్యం: ఆయుష్మాన్ కార్డు గుజరాత్‌లోనూ చెల్లుతుంది. అయితే మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో తాగుడు సంగతి చెప్పుకోవడానికి బీమా భయం ఒక్కటే అడ్డు కాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఖర్చు భయం లేనప్పుడు నోరు విప్పడం తేలికవుతుందా? 2024 ఆగస్టులో గంజాం జిల్లాలోనే చికిటి ప్రాంతంలో నాటుసారా తాగి ప్రాణాలు పోయినప్పుడు బాధితులను ఎంకేసీజీకి తెచ్చారు. ఏం తాగారో దాచే పరిస్థితి అప్పుడు లేదు, ఊరంతటికీ తెలిసిన విషయం. కల్తీ సారా బాధితుడు ప్రభుత్వ బాధ్యత అవుతాడు, అసలు సారాకు బానిసైనవాడు సొంత తప్పుకు బాధ్యుడవుతాడు. 12వ కోడ్ వెనక ఉన్న నీతి ఇదే. పొగాకు వల్ల వచ్చే గుండెజబ్బుకు, తిండివల్ల పెరిగే చక్కెరకు బీమా ఈ నీతి వర్తింపజేయదు.

2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆస్పత్రిలో చేరింది 180 మందిలో ఒక్కరు. రెండో అంకెను బట్టి చూస్తే బీమా చర్చ అంతా చాలా చిన్న భాగం గురించే. మత్తు దింపడం, అంటే మత్తు విడుపు చికిత్స, వారం పది రోజుల పని. మళ్లీ తాగకుండా నిలబెట్టడం నెలల తరబడి సాగే ఓపీ చికిత్స. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ వంటి మందులు, కౌన్సెలింగ్, ఇంటివాళ్లతో మాట్లాడటం. ఖల్లికోట నుంచి బరంపురానికి రైలెక్కిన ప్రతిసారీ రోగితోపాటు తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. ఇందులో ఏదీ 24 గంటల పడకను కొలమానంగా పెట్టుకున్న పాలసీలో ఇమడదు. ఆస్పత్రికి పాలసీ ఇచ్చే నిర్వచనమూ అలాంటిదే. స్థానిక సంస్థ దగ్గర ఆస్పత్రిగా నమోదు కాకపోతే బరంపురం స్థాయి పట్టణంలో కనీసం 10 పడకలు, 24 గంటలూ డాక్టర్లు, నర్సులతోపాటు సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. తాగుడు మాన్పించే కేంద్రానికి కత్తి పెట్టే గది ఎందుకు?

అందుకే కోర్టుల్లోగానీ ఐఆర్‌డీఏఐ ముందుగానీ అడగాల్సిన మొదటి మార్పు 12వ కోడ్ మొత్తాన్ని ఎత్తేయడం కాకపోయినా ఫరవాలేదు. 'పర్యవసానాలు' అన్న మాట, దానితోపాటు మత్తు విడుపు చికిత్సపై నిషేధం ముందు పోవాలి. కంపెనీలకు భారం తక్కువ, రోగి నిజం చెప్పడానికి వీలు ఎక్కువ. పునరావాసం ఖర్చు బీమాతోనా, సామాజిక న్యాయ శాఖ నిధులతో నడిచే కేంద్రాలతోనా అన్నది వేరే చర్చ.

అంతవరకు ఉన్న దారి ఇది. మత్తు విడుపు చికిత్స బిల్లు 12వ కోడ్ పేరుతో తిరస్కరణకు గురైతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి 21వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌ను ఉటంకిస్తూ రాయాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే గంజాం వాసి భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను, శ్రీకాకుళం వాసి హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. అంబుడ్స్‌మన్ ఇచ్చే అవార్డుకు కంపెనీ కట్టుబడాల్సిందే. అయితే ఆ ఫిర్యాదు నిలబడాలంటే డిశ్చార్జి కాగితం మీద ఎఫ్ 10.3 అని, మద్యం ఆపడం వల్ల వచ్చిన స్థితి అని, స్పష్టంగా రాసి ఉండాలి.