కూడబెట్టిన చెయ్యి, కాపాడే చెయ్యి

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోలేదు. 1912లో నిజాంగారికి దివాను అయ్యాడు. రెండేళ్ళకే ఆ పదవి వదిలేశాడు. ఇక అక్కణ్ణించి ఆయన సంసారమంతా వస్తువులతోనే! పింగాణీ, గడియారాలు, దంతపు బొమ్మలు, వ్రాతప్రతులు... 1949 మార్చిలో కన్నుమూసేనాటికి పాతబస్తీలోని దివాన్ దేవిడి నిండిపోయింది. అనుభవించడానికి పిల్లలు మాత్రం లేరు.

ఇల్లు మారేటప్పుడు నాలుగు గాజుగ్లాసులు పగలకుండా చేర్చడమే మనకు గగనం. అక్కడ నలభై వేలకు పైచిలుకు వస్తువులాయె! ఒకప్పుడు మదనపల్లె కాలేజీలో పనిచేసిన ఐరిష్ కవి, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వాటిని ఓ క్రమంలో పెట్టించారు. 1951 డిసెంబరు 16న ఆ దేవిడిలోనే నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో సామానంతా మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి చేరింది.

కూడబెట్టడానికి డబ్బూ, అభిరుచీ చాలు. కాపాడడానికి చదువు కావాలి. తాళంచెవుల గుత్తి పట్టుకు తిరగడమే మ్యూజియం ఉద్యోగం అనుకుంటాం గానీ, దానికో శాస్త్రమే ఉంది. 1952లో బరోడా విశ్వవిద్యాలయం ఆ చదువుకు ప్రత్యేక శాఖ తెరిచింది. 1989లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ వచ్చింది.

ఏం నేర్పుతారంటారా? జరీచీరను పాతగుడ్డలో చుట్టి, మడతలు మార్చి పెట్టమని మన అమ్మమ్మలు చెప్పలేదూ? ఆ జాగ్రత్తే, కొలతలతో సహా. పట్టుబట్టలూ, పాతకాగితాలూ ఉన్న గదిలో వెలుగు యాభై లక్సులు దాటనివ్వరు. అందుకే, "ఇదేమిటీ, ఇంత చీకటి!" అని మనం విసుక్కునేది!

2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను దొంగలు ఎత్తుకుపోయారు. వాళ్ళలో ఒకడు అందులో భోజనం కూడా చేశాడట! పోలీసులు కొద్దిరోజుల్లోనే పట్టుకొచ్చారు.

డబ్బా దొరికింది, సంతోషమే. కానీ ఎండ ఎత్తుకుపోయిన రంగును, పురుగు తినేసిన అక్షరాన్ని ఏ పోలీసు పట్టుకురాగలడు? ఆ దొంగల్ని ముందుగా పసిగట్టేది చదువుకున్న చెయ్యి ఒక్కటే. ఈసారి మేలిముసుగు రెబెకా ముందు నిలబడినప్పుడు, చెక్కిన బెంజోనీతో పాటు, పేరు తెలియని ఆ చేతుల్నీ ఒక్క క్షణం తలుచుకుందాం.