పొత్తిళ్లలో పసికందు: నవజాత, నెలలు నిండని శిశువుల సంరక్షణ

భూమిపై పడిన శిశువుకు తొలి పరీక్ష చలి. తడి శరీరంతో జన్మించిన బిడ్డను వెంటనే తుడిచి, పొడిబట్ట కప్పకపోతే నిమిషాలలోనే ఒళ్లు చల్లబడుతుంది. నవజాత శిశువు ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. 37 వారాలు నిండకముందే పుట్టిన శిశువులకు, 2,500 గ్రాముల కంటె తక్కువ బరువు గల శిశువులకు చర్మం కింద కొవ్వు స్వల్పం కావడంతో ముప్పు అధికం. అయితే చలికి వెరచి బిడ్డను బిగించి చుట్టడం, మితిమీరి కప్పడం కూడా ప్రమాదకరమే.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో 44వ నంబరు జాతీయ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసే కండ్లకోయ పరిసరాలలో ఈ విషయం విశేషంగా గమనించదగినది. పరిశ్రమలు, నిర్మాణ పనుల కోసం వచ్చిన కుటుంబాలు పలుచోట్ల రేకుల గదులలో నివసిస్తున్నాయి. అవి వేసవిలో మండుతాయి, శీతకాలపు రాత్రులలో చల్లబడతాయి. కనుక ఒకే కప్పు అన్ని ఋతువులకు పనికిరాదు. బిడ్డ ఛాతీని, మెడ వెనుక భాగాన్ని తాకి చూడాలి. చెమట పట్టినా, ఒళ్లు కాలుతున్నా ఒక పొర తీసివేయాలి.

పొత్తిళ్లు

పాత నూలు చీరలు, పంచెలతో పొత్తిళ్లు సిద్ధం చేసే మన ఆచారం మంచిదే. ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తని బట్ట శిశువు చర్మానికి హితం. కాళ్లను చాపి బిగించి చుట్టే పద్ధతి మాత్రం విడనాడాలి. దానివల్ల తుంటి కీలు తొలగే అవకాశం ఉంది. 1970వ దశకంలో జపాన్‌లో ఈ అలవాటును మాన్పించిన పిదప తుంటి లోపాలు గణనీయంగా తగ్గాయి. మోకాళ్లు ముడుచుకొని కదిలేందుకు వీలుండాలి. ఛాతీపై బట్ట వదులుగా ఉండాలి. బిడ్డ బోర్లపడే ప్రయత్నం ఆరంభించగానే చుట్టడం పూర్తిగా మానివేయాలి.

నిద్ర, దుస్తులు

శిశువును ఎల్లప్పుడు వెల్లకిల పడుకోబెట్టాలి. అమెరికాలో 1992లో వైద్యులు ఈ సలహా ఇచ్చిన తరువాతి దశాబ్దంలో నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పక్క చదునుగా, గట్టిగా ఉండాలి. దిండ్లు, వదులు దుప్పట్లు ఉండరాదు. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుకొని ఊపిరికి అడ్డు రావచ్చు కనుక అందులో నిద్రపుచ్చి వదలివేయరాదు. ముఖంపై బట్ట కప్పడానికి బదులు దోమతెర వాడాలి. ముందు తెరచుకొనే నూలు చొక్కాలు శ్రేయస్కరం. మెడలో తాళ్లు, పూసలు, పొడవాటి నాడాలు వద్దు. గదిలో కుంపటి, సాంబ్రాణి పొగ తగదు.

తల్లి ఎదే తొలి పొత్తిలి

నెలలు నిండని బిడ్డకు ఎన్ని దుప్పట్లూ తల్లి స్పర్శకు సాటిరావు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే ఆరంభించిన కంగారూ పద్ధతిలో టోపీ, డయపరు మాత్రమే ధరించిన శిశువును తల్లి ఛాతీపై నిలువుగా ఆనించి బట్టతో కడతారు. భారత్ సహా ఐదు దేశాలలో నిర్వహించిన, 2021లో వెలువడిన అధ్యయనంలో పుట్టిన వెంటనే ఈ పద్ధతి పాటించిన శిశువులలో 28 రోజులలోపు మరణాలు 25 శాతం తక్కువగా నమోదయ్యాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు దీనిని పాటించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ కూడా ఈ బాధ్యతను పంచుకోవచ్చు.

ఇంటి వద్ద సేవలు

2011లో ఆరంభమైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కింద, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో సందర్శించాలి. పొత్తిళ్లు, పడక పరిశీలనకు ఇదే తగిన అదను. పొట్ట, పాదాలు రెండూ చల్లబడినా, పాలు తాగకపోయినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరవేస్తున్నా 108కు ఫోన్ చేసి, బిడ్డను ఎదకు ఆనించుకొనే ఆసుపత్రికి చేర్చాలి.

పత్రికలలో ప్రచురించే శిశువుల చిత్రాలను తల్లులు ఆదర్శంగా భావించే అవకాశం ఉంది. కనుక బోర్ల పడుకున్న, బిగించి చుట్టిన, దిండ్ల మధ్య ఉన్న పసికందుల చిత్రాలను పరిహరించి, వెల్లకిల నిద్రించే శిశువు చిత్రాలనే ఎంపిక చేయడం సముచితం.