డ్రైవరు కూర్చున్నాడు, కండక్టరు మెట్లెక్కాడు

మన ఉద్యోగాల్లో కూర్చోవడమే పని. కాస్త నడవండి అని ప్రతి డాక్టరూ చెప్తాడు, మనమూ తలూపి వచ్చేస్తాం. ఇంత అరిగిపోయిన సలహా వెనకాల లండన్ సిటీ బస్సులున్నాయని మనలో చాలామందికి తెలీదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో ఇంగ్లండులో గుండెపోటు చావులు పెరుగుతున్నాయి. ఎందుకో అంతు చిక్కలేదు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు కన్ను డబుల్ డెక్కర్ల మీద పడింది. బస్సుకి ఇద్దరు ఉద్యోగులు. ఒకే ఊరు, ఒకే పొగ, ఇంచుమించు ఒకే తరగతి జనం. డ్రైవరు షిఫ్టులో నూటికి తొంభై వంతులు కూర్చునే ఉంటాడు. కండక్టరేమో టికెట్లు కొడుతూ రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. (హైదరాబాదులో పాత డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్ళకి ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి.)

1953లో లాన్సెట్ పత్రికలో లెక్కలు బయటపెట్టారు. కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వస్తోంది, అంత తీవ్రంగానూ ఉండట్లేదు. తపాలా శాఖలోనూ ఇదే వరస: ఉత్తరాలు పంచేవాళ్ళు సీట్లో కూర్చునే గుమాస్తాలకన్నా నయం.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి ముక్క. అసలు లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? ఎవరికైనా రావాల్సిన అనుమానమే. మోరిస్ బృందం బస్సు సిబ్బందికి కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తీసి చూసింది! కుర్రాళ్ళలో కూడా డ్రైవర్ల నడుమే పెద్దది. అంటే తేడా కొంత ఉద్యోగంలో చేరేనాటికే ఉందన్నమాట. తమ థియరీకే గండి కొట్టే ఈ డేటాని 1956లో తామే అచ్చేశారు. ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయిన కోడ్‌లో బగ్ ఉందని స్వయంగా మెయిల్ కొట్టే ధైర్యం మనలో ఎంతమందికుంది చెప్పండి?

తర్వాత ఆయన అందరూ కుర్చీ ఉద్యోగులే ఉండే చోటు చూసుకున్నాడు. 1968-70 మధ్య దాదాపు 17 వేలమంది ప్రభుత్వోద్యోగులు, అందరూ నలభై దాటిన మగవాళ్ళు. సోమవారం పొద్దున్నే వాళ్ళచేత వెనకటి శుక్ర, శనివారాల్లో ఖాళీ టైంలో ఏమేం చేశారో రాయించారు. 1973లో తేలిందేమిటంటే, ఒళ్ళు అలిసేలా గట్టిగా వ్యాయామం చేసినవాళ్ళకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళతో పోలిస్తే మూడోవంతే.

నా దృష్టిలో మనకి పనికొచ్చే అధ్యయనం ఇదీ. కండక్టరు ఉద్యోగం మనకెవరూ ఇవ్వరు, ఆఫీసులో లిఫ్టూ ఆగదు. మిగిలింది సాయంత్రాలూ, శనివారాలూ. అంత గట్టి కసరత్తు కుదరకపోయినా వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడిచినా మేలే అని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు. మన స్టాండప్ మీటింగే అంతకన్నా ఎక్కువ సాగుతుంది!

అన్నట్టు మోరిస్ కూడా లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ పార్కులో పరిగెత్తేవాడు, అప్పట్లో జనం వింతగా చూసేవారట. 1910లో పుట్టి 2009లో, తొంభై తొమ్మిదేళ్ళ వయసులో పోయాడు. ఒక్క మనిషి శాంపిల్ నుంచి ఏదైనా తేలుస్తానంటే మాత్రం ఆయనే ఒప్పుకునేవాడు కాదేమో.